జర్మనవ్వ మోసుకొచ్చిన ఇల్లు

జనగామలో ఒక ఇంజనీరు ఆఫీసులో నేను ఇళ్ల ప్లాన్లు గీసే పని చేస్తున్నప్పుడు ఆమె మొదటిసారి మా మెట్లెక్కి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టు, నీలం రంగు నూలు చొక్కా, దుమ్ము పట్టిన బూట్లు, భుజాన గుడ్డసంచి. మా సార్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకు అంటించి ఉన్న ప్లాన్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లింది. అన్నీ దాదాపు ఒకేలాంటివి: హాలు, రెండు బెడ్‌రూములు, వంటగది, పక్కనుంచి పైకి మెట్లు.

"ఇవి ఎవరు గీశారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నేనే" అన్నాను.

"ఈ ఇళ్లలో ధాన్యం ఎక్కడ పెడతారు?"

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ధాన్యం ఇంట్లో పెట్టుకునేవాళ్లు తక్కువనీ, కల్లం నుంచే కొనుగోలు కేంద్రానికి పోతుందనీ చెప్పాను. ఆమె తల ఊపి, తన సంచిలోంచి చిన్న పుస్తకం తీసి నేను చెప్పింది రాసుకుంది. అప్పటిదాకా నేను చెప్పిన మాట ఎవరైనా రాసుకోవడం నేను చూడలేదు.

ఆమె జర్మనీలో ఆర్కిటెక్టు. అక్కడ ఒక మ్యూజియం స్థాపించి చాలా ఏళ్లు నడిపింది. టేకుమట్ల అవతల ఒక ఊరు బొగ్గు గని కోసం ఖాళీ అవుతోందని తెలిసి, అక్కడి పాత ఇళ్లను కొలిచి, బొమ్మలు గీసి భద్రపరచడానికి వచ్చింది. గీత తెలిసిన మనిషి, రెండు భాషలు వచ్చిన మనిషి కావాలని మా సార్‌ని అడిగింది. సార్ నన్ను రెండు నెలలు పంపడానికి ఒప్పుకున్నారు. ఆ రెండు నెలలు రెండేళ్లకు పైగా సాగాయి.

మాది మహబూబాబాద్. మేం మానుకోట అనే అంటాం. అక్కడినుంచి రైలెక్కి విజయవాడ వెళ్లి పాలిటెక్నిక్ చదువుకున్నాను. చదువుకన్నా ముందు నేర్చుకున్నది నోరు అదుపులో పెట్టుకోవడం. మొదటి వారంలోనే క్లాసులో "గిది ఎట్ల జేస్తరు సార్?" అని అడిగితే వెనక బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. ఆ రోజు నుంచి నా భాషను హాస్టల్ పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇంటికొచ్చాక కూడా ఆ తాళం పూర్తిగా తీయలేదు. అందుకే ఆమె తెలుగు మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు, కోపం, ఇంకేదో కలిసి వచ్చాయి. ఊళ్లో ఒక ముసలమ్మ ఇంటి ముందు ఆగి, "అవ్వా, జర లోపట్కి రావచ్చా? గిది ఏంది? గది ఏంది?" అంది ఆమె. నేను దాచుకున్న మాటలను ఆమె ఎంత కష్టపడి నేర్చుకుందో!

"ఈ భాష ఎక్కడ నేర్చుకున్నారు?" అని బస్సులో అడిగాను.

"ఇక్కడే. ఇంకెక్కడ నేర్చుకోవాలి?" అంది, నా ప్రశ్నే అర్థం కానట్టు.

ఊళ్లోవాళ్లు ఆమెకు జర్మనవ్వ అని పేరు పెట్టారు. ఆ పిలుపు ఆమెకు చాలా ఇష్టం.

ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి వైపు వెళ్లే ప్రయాణాలలో చెప్పేది. యుద్ధం ముగిశాక, బాంబులు పడి కూలిన నగరంలో పుట్టింది. చిన్నప్పుడు ఆమె ఆటస్థలం కూలిన ఇళ్లే. వాళ్ల వీధిలో ఒక మేడకు ముందు గోడ లేదు. రోడ్డు మీద నిలబడితే రెండో అంతస్తులోని గది మొత్తం కనబడేది: పూల కాగితం అంటించిన గోడ, దాని మీద పగలకుండా మిగిలిన అద్దం. ఎండ పడితే ఆ అద్దం మెరిసేది. అందులో ఎవరు ముఖం చూసుకునేవాళ్లు అని రోజూ వాళ్లమ్మను అడిగేది. వాళ్లమ్మకు తెలియదు. ఒక ఉదయం చూస్తే ఆ మేడ లేదు, శుభ్రం చేసేశారు.

"అప్పుడు నాకు ఆరేళ్లు. ఆ ఇంటివాళ్ల గురించి చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు చాలా కోపం వచ్చింది" అంది. ఆ మాట చెప్తున్నప్పుడు కూడా ఆమె గొంతులో కోపం ఉంది.

పెద్దయ్యాక ఆర్కిటెక్చర్ చదివింది. క్లాసులో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. బళ్లు కట్టింది, ఆసుపత్రులు కట్టింది. మంచి పేరే వచ్చింది. నడివయసులో, వాళ్ల ప్రాంతంలో ఒక పల్లె బొగ్గు కోసం తవ్వేయబోతున్నారని తెలిసి చూడటానికి వెళ్లింది. అక్కడ ఒక రైతు ఇల్లు, కర్ర చట్రం మీద కట్టినది, కూల్చడానికి సిద్ధంగా ఉంది. ఆమె ఆ ఇంటి ప్రతి దూలానికీ, ప్రతి వాసానికీ అంకె వేసి, విప్పించి, వేరేచోట ఒక పచ్చిక బయల్లో మళ్లీ అలాగే నిలబెట్టింది. ఒక ఇల్లు రెండయింది, రెండు పదిహేనయ్యాయి. రాజుల కోటల కోసం కాక మామూలు మనుషుల ఇళ్ల కోసం ఒక మ్యూజియం అలా తయారైంది. మొదట్లో ఆమెను తోటి ఆర్కిటెక్టులే పాత కర్రల వ్యాపారి అని ఎగతాళి చేశారట. ఆ మాట చెప్పి గట్టిగా నవ్వింది. ముందు సీట్లో నిద్రపోతున్న కండక్టరు ఉలిక్కిపడి లేచాడు.

ఆమెతో పని చేయడం సులువు కాదు. మొదటి ఇంటి కొలతలు తీసి ప్లాన్ గీసి ఇచ్చినప్పుడు ఒక్కసారి చూసి కాగితం పక్కన పెట్టేసింది.

"ఈ గోడ తిన్నగా ఉందని నీకెవరు చెప్పారు?"

నేను ఒక చివర కొలిచి, రెండో చివర కూడా అంతే ఉంటుందని గీసేశాను. "గోడలు తిన్నగానే ఉంటాయి కదా" అన్నాను.

"అది నీ కాగితం మీద. వెళ్లి మళ్లీ కొలువు. కింద కొలువు, నడుము ఎత్తులో కొలువు, తల ఎత్తులో కొలువు. మూల నుంచి మూలకు కొలువు. నీకు తెలుసు అనుకున్నది ఏదీ రాయకు."

అందరి ముందూ అంత గట్టిగా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. మరుసటి రోజు రాకూడదనే అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం మళ్లీ కొలిస్తే ఆమె అన్నది నిజమే. గోడ కింద మూరన్నర మందం ఉంటే పైకి పోయేకొద్దీ సన్నబడుతోంది. ఒక మూల లోపలికి వంగి ఉంది. ఎందుకు వంగిందని ఇంటావిడను అడిగితే, అక్కడ అప్పట్లో ఒక వేపచెట్టు ఉండేదనీ, దాన్ని కొట్టలేక గోడనే జరిపారనీ చెప్పింది. కాగితం మీద తిన్నగా గీసేసి ఉంటే ఆ చెట్టు పోయేది. నేను మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకే వెళ్లాను.

ఆ ఇంటావిడ ఎనభై ఏళ్ల అవ్వ. ఆ ఊళ్లో భూములున్న కుటుంబం. అప్పటికే సగం సామాను, ఊరివాళ్ల కోసం కట్టిన కొత్త కాలనీకి పోయింది. ఆమె మాత్రం కదలలేదు. ఇల్లు పెద్దది: నడుమ వాకిలి, చుట్టూ మట్టిగోడల అర్రలు, పైన గూనపెంకలు, గోడల్లో దీపపు గూళ్లు, వంటింట్లో కుండలు వరుసగా పెట్టే చెక్క గడంచె.

మొదటి రోజు అవ్వ మమ్మల్ని గడప దగ్గరే ఆపింది. "మేమే ఇడిసిపెట్టి పోవట్టినం. గీ పాతిల్లు మీకెందుకు?"

"పోయినంక ఎవలన్న అడుగుతరు. గీ ఊర్ల ఎట్ల ఉన్నరు అని. అప్పుడు చెప్పాలె" అంది జర్మనవ్వ.

అవ్వ గడప నుంచి పక్కకు జరిగింది. "కొలుస్తె కొలువుగని, ముందుగాల చాయ్ తాగు" అంది.

ఊళ్లోని పాత ఇళ్లన్నీ కొలవడం అయ్యాక జర్మనవ్వ నన్ను కూర్చోబెట్టి తన అసలు ఆలోచన చెప్పింది. బొమ్మలు చాలవు. ఆ అవ్వ ఇంటిని తీసుకెళ్లి, గని హద్దు బయట మళ్లీ నిలబెట్టాలి. అక్కడ మ్యూజియం పెట్టాలి. ఆమె దేశంలోని స్నేహితులు సాయం పంపుతామన్నారు. టేకుమట్ల రోడ్డు పక్కన అవ్వకు ఒక చెలక, వానకు పండే మెట్టభూమి, ఉంది. ఆ మాట అవ్వకు చెప్పడం నా వంతైంది.

అవ్వ నవ్వింది. "నా ఇల్లును అద్దాల పెట్టెల పెడ్తదా?"

"లేదవ్వా. లోపలికి రావచ్చు, కూర్చోవచ్చు."

"ముట్టొద్దు అని బోర్డులు పెట్టొద్దు మరి. పెట్టకుంటె ఆ చెలక తీసుకోమను. కని చెప్పులతోని లోపట్కి రానియ్యకుండ్రి."

కొడుకు కొంచెం గొణిగాడు కానీ అవ్వ మాటే చెల్లింది.

దూలాలు, దర్వాజాలు, పెంకలు తేలికగానే దిగాయి. ప్రతిదానికీ అంకె వేశాం. చిక్కంతా గోడలతోనే. ఆమె దేశంలో ఇల్లంటే కర్ర చట్రం, విప్పితే విడిపోతుంది. ఇక్కడ మట్టిగోడ. జర్మనీలో గోడలను పలకలుగా కోసి క్రేనుతో ఎత్తే పద్ధతి ఉందట. భూపాలపల్లి నుంచి రాళ్లు కోసే మిషను తెప్పించింది. గోడకు రెండువైపులా చెక్కలు బిగించి, బెల్టులు కట్టి, జాగ్రత్తగా కోయించింది. జేసీబీ ఎత్తింది. గజం లేవగానే గోడ నడుమ నుంచి విరిగి, చెక్కల మధ్యనుంచి జారి కుప్పయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె చెక్కలు ఇంకా దగ్గరగా బిగించమంది. రెండో పలకా అంతే అయింది.

ఆమె ఆ మట్టికుప్ప మీదే కూర్చుండిపోయింది. బూట్ల మీద, చొక్కా మీద, కనుబొమ్మల మీద ఎర్రమట్టి. "యాభై ఏళ్ల అనుభవం" అంది ఇంగ్లీషులో. ఆమెను అంత నీరసంగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఊరి పక్కన ఒక తండా ఉంది. వాళ్లు ఇంట్లో వాళ్ల భాష మాట్లాడుకుంటారు, ఊళ్లోకొస్తే తెలుగు. అక్కడి పెద్దాయన ఒకాయన రెండు రోజుల నుంచి వచ్చి, గోడ కోయడం చూస్తూ ఒక వారన కూర్చునేవాడు. జర్మనవ్వ వయసే ఉంటుంది. అప్పుడు లేచి వచ్చి నాతో అన్నాడు.

"బిడ్డా, గామె ఏం జేద్దామనుకుంటున్నది?"

"గోడను తీసుకపోవాలె కాకా. ఇదే గోడ అక్కడ ఉండాలె." ఆ మాట నా నోటినుంచి మా మానుకోట యాసలోనే వచ్చిందని తర్వాత ఎప్పుడో గమనించాను.

ఆయన వింతగా చూశాడు. "దానికి కోసుడెందుకు? మన్నే గదా. పలగ్గొట్టి ట్రాక్టర్ల ఏసుకపోండ్రి. అక్కడ నీళ్లు పోసి నానబెడితె మల్ల మన్నే ఐతది. మల్ల గోడ పెట్టుండ్రి. పాతమన్ను ఇంక గట్టిగుంటది."

నేను ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. అవసరం లేకపోయింది. ఆమెకు అర్థమైపోయింది. మట్టి చేతులతో ముఖం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపు నవ్విందంటే ఆ పెద్దాయనకు భయమేసి, "ఏమైందమ్మా గామెకు?" అని అడిగాడు. ఆమె లేచి, సంచిలోంచి తన ప్లాన్ల కట్ట తీసింది. నెలరోజులు కష్టపడి గీసిన, పలకలు కోసే ప్లాన్లవి. వాటి మీద అడ్డంగా గీత కొట్టేసి, ఆయన ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది.

"నాకు నేర్పుతరా?" అంది.

నేను ఆమెను గౌరవించడం అంతకుముందే మొదలైంది. కానీ ఆ ఒక్క ప్రశ్న కోసం ఆమెను ఎప్పటికీ మరచిపోలేను. తన దేశంలో ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో పేరున్న మనిషి, నెలరోజుల పని ఒక్క నిమిషంలో పక్కన పెట్టి, నాకు తెలియదు నేర్పండి అనడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మాఘమాసం చివర్లో చెలకలో పని మొదలైంది. పెద్దాయన చెప్పినట్టే మట్టిని గుంతలో వేసి, నీళ్లు పెట్టి, వరిగడ్డి కలిపి నానబెట్టాం. తండా ఆడవాళ్లు మట్టి తొక్కడానికి వచ్చారు. జర్మనవ్వ బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వాళ్లతో పాటు దిగింది. వాళ్లు పాట ఎత్తుకున్నారు. ఆమెకు మాటలు రాకపోయినా అడుగు కలిపింది. గట్టిదనం కోసం కొంచెం సున్నం కలుపుదామా అని ఆమె ఒకసారి అడిగితే, "వద్దు. కలిపితె మల్లొకపారి నానది" అన్నాడు పెద్దాయన. ఆమె ఆ మాటను తన పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

మూరెడు ఎత్తు వరుస పెట్టి, అది ఆరాక మరో వరుస. తొందరపడితే కూలుతుంది. నా పాత కొలతల కాగితాలు చేతిలో పెట్టుకుని, ఎక్కడ ఎంత మందం, ఎక్కడ ఎంత వంపు అని నేను చదువుతుంటే పెద్దాయన చేతితోనే అంచనా వేసి పెట్టేవాడు. వేపచెట్టు మూల దగ్గరికి వచ్చేసరికి, "ఈడ చెట్టు లేకపాయె, తిన్నగ పెట్టనా?" అని అడిగాడు. వద్దని నేనే అన్నాను. జర్మనవ్వ దూరంనుంచి విని నావైపు చూసి తల ఊపింది.

గోడలు సగం లేచిన రోజుల్లో అవ్వ చూడటానికి వచ్చింది. కొడుకు స్కూటర్ మీద దింపి వెళ్లాడు. దర్వాజ పక్కన ఒక రాతిపలక పెట్టాలని, దాని మీద ఏం రాయాలో జర్మనవ్వ అడుగుతోంది.

"గీ ఇల్లు ఎవలు కట్టిన్రు?"

"మా మామ కట్టించిండు" అంది అవ్వ.

జర్మనవ్వ రాసుకోబోయి ఆగింది. "కట్టించిండు. సరే. కట్టింది ఎవలు?"

అవ్వ అయోమయంగా నావైపు చూసింది. తెలుగు సరిగా రాని మనిషి ఆ చిన్న అక్షరాల తేడా పట్టుకుంది. మట్టి గుంత దగ్గర పని ఆగిపోయింది. పెద్దాయన చేతులు కడుక్కుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"మా నాయిన."

ఆయనే మళ్లీ అన్నాడు. "మా నాయిన, మా చిన్నాయినలు ఇద్దరు. నేను అప్పుడు చిన్న పోరగాన్ని. మన్ను మోసిన."

"నాకెన్నడు చెప్పలేదేందిరా?" అంది అవ్వ.

"అడిగితిరా పటేలమ్మా?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. ఉన్న మాట చెప్పాడంతే.

అవ్వ ముఖం ఎర్రబడింది. ఇక లేచి వెళ్లిపోతుందనే అనుకున్నాను. కొత్తగా లేచిన గోడనే చూస్తూ కూర్చుంది. "అరవై ఏండ్లు గా గోడలకు అలికిన" అంది చివరికి, తనలో తనే అనుకుంటున్నట్టు. తర్వాత జర్మనవ్వ వైపు తిరిగి, "రాయి. ముందు వాళ్ల నాయిన పేరు రాయి. మా మామది కింద రాయి" అంది.

అలాగే చెక్కించాం. నలుగురి పేర్లూ ఉన్నాయి. ఆ వరుస గురించి అవ్వ కొడుకు నాతో రెండుసార్లు వాదించాడు. అమ్మనే అడగమన్నాను. అడిగాడో లేదో తెలియదు, పలక మాత్రం మారలేదు.

మృగశిర కార్తెకు ముందే పెంకలు కప్పేశాం. తెరిచిన రోజున కొత్త కాలనీ నుంచి ట్రాక్టర్లలో జనం వచ్చారు. గుమ్మం ముందు చెప్పులు కుప్పలు పడ్డాయి. జనం ఏ అర్రలో ఎవరు పుట్టారో, ఎక్కడ పాము దొరికిందో చెప్పుకుంటూ తిరిగారు. ఒకావిడ తన ఇంట్లో పూజించుకునే కూరాటి కుండ తెచ్చి, "మాకు కొత్తింట్ల పెట్టే జాగ లేదు" అని గడంచె మీద పెట్టింది. ఇంకొకరు విసుర్రాయి దొర్లించుకొచ్చారు. మ్యూజియంలోని వస్తువుల్లో సగం అలా వచ్చినవే. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి జర్మనవ్వ తెలుగు విని నవ్వి, "మేడమ్, ఎవరో మీకు తప్పు తెలుగు నేర్పారు" అన్నాడు. ఆమె నావైపు చూసింది, అనువాదం చేస్తానని. నేను అనువాదం చేయలేదు. "తప్పేంది సార్? మేమందరం గిట్లనే మాట్లాడుతం" అన్నాను.

ఆ తర్వాత రెండు చలికాలాలు ఆమె వచ్చి వెళ్లింది. వచ్చిన ప్రతిసారీ తప్పులు వెతికేది: ఫలానా పెంక జారింది, ఫలానా మూల అలుకు సరిగా లేదు. మోకాళ్లకు ఆపరేషన్ అయ్యాక ఆమె డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు. చివరిసారి వెళ్లే ముందు తాళంచెవులు నా చేతికి ఇచ్చి, పొగడ్త మాట ఒక్కటీ లేకుండా, వానాకాలంలో ఏ గోడ వైపు ఎక్కువ జల్లు కొడుతుందో వివరంగా చెప్పింది. నేను జనగామ ఆఫీసు మానేసి ఆ పనిలోనే ఉండిపోయాను. పెద్దాయన వారానికి రెండు రోజులు వస్తాడు. బడిపిల్లలు వస్తే మట్టి తొక్కడం నేర్పుతాడు.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో గార్ల దగ్గరి ఒక తండా నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. వాళ్ల నాయనమ్మ ఉంటున్న గడ్డి ఇల్లు వానలకు ముందే తీసేసి స్లాబు వేస్తారట, ఒకసారి వచ్చి చూస్తారా అని. పెద్దాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. జర్మనవ్వ లేకుండా నేను కొలవబోతున్న మొదటి ఇల్లు అది. ఆ నాయనమ్మ మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, పెద్దాయనతో వాళ్ల భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. మధ్యమధ్య ఇంటివైపు, దూరంగా గుట్టవైపు చూపిస్తూ చెప్తోంది. టేపు తీద్దామని సంచిలో చేయి పెట్టి, ఖాళీ చేయే వెనక్కి తీసుకున్నాను. ఇక్కడ నాకేమీ తెలియదు. ముందు ఆమె చెప్పాలి, పెద్దాయన నాకు తెలుగులో చెప్పాలి. ఆ తర్వాత జొన్నరొట్టెలు పెట్టారు. మేం కొలవడం మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.